హ్యూయన్‌త్సాంగ్ ఇచ్చిన మాట

చరిత్ర చదువుకొన్న తెలుగువానికి హ్యూయన్‌త్సాంగ్ పేరు క్రొత్త కాదు. హర్షుని దానోత్సవము, నలందా విద్యాపీఠము, రెండవ పులకేశి పరాక్రమము - వీనిని గూర్చి ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఆ చీనా యాత్రికుని సాక్ష్యము చెప్పి మార్కులు సంపాదించినవారమే మనమందరము. సాక్షి చెప్పినది చదివితిమి గాని, ఆ సాక్షి ఎవరో, ఏ దారిన వచ్చెనో, ఏ దారిన మరలిపోయెనో, దారిలో ఎవరికేమి ఋణపడెనో విచారించినవారము తక్కువ. ఆయన నడచినది పట్టువర్తకుల బిడారులు నడచిన దారి. ఆ దారిలోని యొక నగరమున ఆయన యొక రాజునకు మాట యిచ్చెను. ఆ మాటవలననే ఆయన మరలిపోవు దారియు నిర్ణయమయ్యెను.

క్రీ.శ. 602 ప్రాంతమున లోయాంగ్ నగరమునకు సమీపమున ఒక పండితకుటుంబములో ఆయన జన్మించెను. నలుగురు కుమారులలో కడగొట్టువాడు. తండ్రి కన్ఫ్యూషియస్ ధర్మగ్రంథములలో నిష్ణాతుడు. ఉద్యోగము వదలుకొని గ్రంథపఠనముతో కాలము గడపినవాడు. బాల్యముననే ఆ తండ్రి మరణించెను. అన్నలలో నొకడు అప్పటికే లోయాంగులో భిక్షువై యుండెను. చిన్నవాడు అన్న వెంట విహారమునకు పోయి చదువుకొనెను. పదుమూడవ యేట, రాజాజ్ఞచే కొందరిని భిక్షువులుగా ఎన్నుకొనుచుండగా, ఈడు చాలని ఆ బాలుడు ద్వారముచెంత నిలుచుండెనట. ఎన్నికకు వచ్చిన అధికారి ఆ ముఖము చూచి, రెండు మాటలడిగి, నియమమును ప్రక్కకు పెట్టి పేరు వ్రాసికొనెను. ఆయన జీవితములో నియమమును ప్రక్కకు పెట్టిన అధికారులు ముందుముందు ఇంకను తటస్థపడుదురు.

618లో సూయి వంశము కూలి తాంగ్ వంశము వచ్చెను. దేశమంతయు కల్లోలము. అన్నదమ్ములిద్దరును అన్నము, గురువులు దొరకు చోటు వెదకికొనుచు చెంగ్దూ చేరిరి. అచ్చటనే 622లో ఆయన ఉపసంపద పొందెను. పిమ్మట చాంగాన్ (నేటి సియాన్) చేరి పండితులందరిని ఆశ్రయించెను. ఎందరిని ఆశ్రయించిన అంత సంశయము పెరిగెను. ఒకే గ్రంథమునకు ఒకరి అనువాదము ఒకతీరు, మరొకరి అనువాదము వేరొకతీరు. మూలము చూడనిదే తగవు తీరదు. మూలమున్నది భారతదేశమున. అందును యోగాచారభూమిశాస్త్రమును ఆమూలాగ్రముగా చదువవలెనని ఆయన కోరిక. దేశాంతరము పోవుటకు అనుమతి వేడుచు కొందరు మిత్రులతో కలసి విన్నపము పంపుకొనెను. క్రొత్త ప్రభుత్వము, పొలిమేరలలో తుర్కులతో వైరము, ప్రజలెవ్వరు సరిహద్దు దాటరాదని కట్టడి. విన్నపము త్రోసివేయబడెను. మిత్రులు ఆశ వదలుకొనిరి, ఆయన వదలుకొనలేదు. 629లో - 627లో అనువారును గలరు - ఆజ్ఞాపత్రము లేకయే పడమటి దారి పట్టెను.

లియాంగ్‌జౌ పట్టణమున పాలకుడు ఆయనను పిలిపించి రాజధానికి మరలిపొమ్మని ఆదేశించెను. ఆ యూరి యొక వృద్ధభిక్షువు తన శిష్యుల నిద్దరిని తోడిచ్చి రహస్యముగా సాగనంపెను. పగలు దాగుచు, రాత్రి నడచుచు గ్వాజౌ చేరునప్పటికి, ఇట్టి భిక్షువును పట్టి పంపవలసినదని తాఖీదు వెనుకనే వచ్చెను. దానిని చేతబట్టుకొని లీ చాంగ్ అను ఉద్యోగి ఆయనయొద్దకు వచ్చి, నిజము చెప్పుమని అడిగెను. విషయము విని, ఆ తాఖీదును ఆయన యెదుటనే చింపివేసి, త్వరగా కదలుమని చెప్పి వెడలిపోయెను. ప్రభుత్వపు కాగితములతో జీవించు మనవంటివారికి ఆ చినిగిన తాఖీదు ఎంతటి సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు. చీనా చరిత్రలో లీ చాంగ్ పేరు నిలిచినది ఆ కాగితము చింపుటవలననే.

గ్వాజౌ దాటిన పిదప అయిదు కావలిబురుజులు; అవి దాటిన పిదప ఎడారి. దారి చూపుటకు వచ్చినవాడు మొదటి రాత్రియే కత్తి దూసి, మనసు మార్చుకొని, మరునాడు వెనుదిరిగెను. మిగిలినది ఒక ముసలి ఎర్రగుఱ్ఱము. అది హామి నగరమునకు పదునైదుమారులు పోయి వచ్చినదని చెప్పి, దాని యజమానియైన వృద్ధుడొకడు ఆయన గుఱ్ఱమునకు మారుగా ఇచ్చెను. మొదటి బురుజువద్ద నీరు పట్టుకొనుచుండగా బాణమొకటి మోకాలికి తగులబోయి తప్పెను. కావలి నాయకుడు బౌద్ధుడగుటచే ఆహారమిచ్చి, నాలుగవ బురుజునందున్న తన బంధువు పేరు చెప్పి పంపెను. అయిదవదాని నాయకుడు కఠినుడట. ఆ బురుజు తప్పించుకొని ఎడారిలో దిగవలసి వచ్చెను.

ఎడారి 800 లీల పొడవు. లీ యనగా సుమారు అర కిలోమీటరు. పైన పక్షి లేదు. క్రింద మృగము లేదు. ఎముకలు, గుఱ్ఱపు పేడ దారికి గుర్తులు. నీళ్లతిత్తి ఎత్తి త్రాగబోవుచుండగా చేయిజారి నీరంతయు ఇసుకలో ఇంకిపోయెను. దారి తప్పెను. నాలుగవ బురుజునకు పోయి నీరు తెచ్చుకొందమని గుఱ్ఱమును తూర్పునకు త్రిప్పి పది లీల దూరము పోయెను. భారతదేశము చేరునందాక తూర్పుదిక్కుగా ఒక అడుగైన వేయనని చేసికొన్న ప్రతిజ్ఞ అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. మరల పడమటికి త్రిప్పెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు గొంతులో నీటిచుక్క లేదు. మనిషియు గుఱ్ఱమును ఇసుకలో కూలిపోయిరి. అయిదవ నాటి రాత్రి చల్లని గాలి సోకగా లేచి సాగిరి. కొంత దూరము పోగానే గుఱ్ఱము కళ్లెమునకు లొంగక తన యిచ్చవచ్చిన దిక్కునకు నడచెను. అచ్చట పచ్చిక, మడుగు నుండెను. పదునైదుమారులు నడచిన జంతువునకు దారి తెలిసినంత పండితునకు తెలియదు కదా!

హామి చేరినంతనే ఆయన వార్త గావోచాంగ్ రాజునకు తెలిసెను. గావోచాంగ్ నేటి తుర్ఫాను పల్లములో, సముద్రమట్టముకంటె దిగువనున్న యెండలనేలలో ఉండెడి మహానగరము. తూర్పుపడమరల నడుమ పోవు బిడారులకు మజిలీ. నేడు మట్టిగోడలు మాత్రము మిగిలియున్నవి. 2014లో యునెస్కో ఆ శిథిలములను ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. అప్పటి రాజు పేరు చూ వెన్‌తాయ్. అతడు గుఱ్ఱములను, దూతలను పంపి భిక్షువును రప్పించెను. నగరము చేరునప్పటికి నడిరేయి. రాజు కాగడాలతో ఎదురువచ్చెను. రాణితో కూడ నిద్రమాని గ్రంథము చదువుచు కాచుకొనియుండెనట.

ఆదరము మెల్లగా చెరసాలగా మారెను. తన రాజ్యమున గురువుగా శాశ్వతముగా ఉండుమని రాజు కోరెను. భిక్షువు కాదనగా, బలవంతముగా నిలుపుదుననియు, లేకున్న చీనాకు పంపివేయుదుననియు బెదరించెను. అంతట ఆయన అన్నము, నీరు మానెను. మూడు దినములు కదలక కూర్చుండెను. నాలుగవనాడు ఊపిరి సన్నగిల్లుట చూచి రాజు భయపడి, సిగ్గుపడి, పాదములపై బడెను. రాజమాత సన్నిధిని ఇద్దరును అన్నదమ్ములుగా ప్రమాణము చేసికొనిరి. భిక్షువు భారతదేశమునకు పోవచ్చును. ఐతే తిరిగి వచ్చునపుడు మూడేండ్లు గావోచాంగులో నుండి బోధింపవలెను. ఆయన అంగీకరించెను. ప్రస్తుతము ఒక నెల యుండి ధర్మోపన్యాసములు చేయుటయు నిశ్చయమయ్యెను. ప్రతిదినము రాజు స్వయముగా ధూపపాత్ర పట్టుకొని ముందునడచి, పీఠమువద్ద మోకాళ్లపై వంగి తన వీపును మెట్టుగా చేసి గురువును ఎక్కించెనట.

ప్రయాణమునకు రాజు చేసిన సన్నాహము చూడుడు: చలికి ముఖతొడుగులు, చేతితొడుగులు, మేజోళ్లు, నూరు ఔన్సుల బంగారము, 30,000 వెండి నాణెములు, 500 పట్టుతానులు, 30 గుఱ్ఱములు, 25 మంది పరిచారకులు. ఇరువదియేండ్ల రాకపోకలకు సరిపోవునని లెక్కవేసి ఇచ్చినదట. వీనికంటె విలువైనవి దారిలోని 24 రాజ్యములకు వ్రాసి యిచ్చిన 24 లేఖలు. ఒక్కొక్క లేఖకు ఒక్కొక్క తాను కానుక. తుర్కుల ఖగానునకు మాత్రము వేరుగా 500 పట్టుతానులు, రెండు బండ్ల పండ్లు. రాజాజ్ఞ లేక దొంగవలె వెడలినవాడు, ఆ నగరము దాటునప్పటికి రాయబారివలె వెడలెను. ఆ దారిలో పట్టు కేవలము వస్త్రము కాదు. నాణెము, లంచము, పరిచయపత్రము అన్నియు నదియే.

అటుపై నగరములు వరుసగా వచ్చును. కరాషహర్ చేరకముందు, అదే బిడారులోని పదులకొలది వర్తకులు ఇతరులకంటె ముందుగా సంత చేరి లాభము పొందగోరి అర్ధరాత్రి లేచి పోయిరి. ఉదయమున ఈయన ఆ దారిన పోవుచు పది లీల దూరమున వారి శవములను చూచెను, సరకేమియు మిగులలేదు. కూచా నగరము సంగీతమునకు ప్రసిద్ధము. కనుమలలో మంచు కరుగలేదని అచ్చట అరువది దినములు నిలువవలసి వచ్చెను. తియాన్‌షాన్ పర్వతములలోని మంచుకనుమ దాటుటకు ఏడు దినములు పట్టెను. పరివారములో అనేకులు, పశువులలో అంతకు మిక్కిలిగా చలికి చనిపోయిరి. ఇసిక్కుల్ సరస్సు దాటి సూయాబ్ నగరమువద్ద వేటకు వెడలిన తుర్కుల ఖగానును కలసికొనెను. ఆకుపచ్చ పట్టు అంగీ, నొసట కట్టిన పొడవైన పట్టుగుడ్డ - ఆ వేషము ఆయనకు కండ్లకు కట్టినట్లు జ్ఞాపకముండెను. గావోచాంగ్ లేఖ అచ్చట పనిచేసెను. సమర్ఖండులో నానాదేశముల సరకులు రాశులుగా పడియుండెను గాని బౌద్ధవిహారములు శూన్యములు. అగ్నిపూజకులు భిక్షువులను కొఱవులతో తరిమిరి. కుందూజులో ఏలుచున్నవాడు గావోచాంగ్ రాజు చెల్లెలి భర్త. ఆమె అప్పటికే మరణించెను. బావమరది వ్రాసిన లేఖ చదువుచు అతడు కంట నీరు పెట్టుకొనెను. బాల్ఖ్‌లో విహారములు నూరు. బామియాను కొండపై మహాబుద్ధవిగ్రహములు రెండు బంగారువన్నెతో మెరయుచుండగా చూచెను. ఆ విగ్రహములు 2001లో పేల్చివేయబడినవి.

భారతదేశమున ఆయన సంచారము మన పుస్తకములలో విరివిగా నున్నది గనుక క్లుప్తముగా ముగింతును. కాశ్మీరమున రెండేండ్లు చదువు, గంగలో దొంగలు పట్టి దుర్గకు బలియీయబూనగా తుఫాను లేచి బ్రదుకుట, నలందలో శీలభద్రాచార్యుడు. ఆచార్యుడప్పటికి నూరేండ్లు పైబడినవాడని ప్రతీతి. యోగాచారభూమిని ఆయన యొద్ద పదునైదు నెలలు విన్నాడు. చిన్నతనమున మనసున నాటుకొన్న కోరిక అట్లు తీరెను.

దక్షిణయాత్రలో మన నేలపైనను ఆయన అడుగులు పడెను. కళింగము, కోసలము దాటి ఆంధ్రదేశము చేరెను. ఆయన చెప్పిన రాజధాని వేంగియని - నేడు ఏలూరు చెంతనున్న పెదవేగి - పండితులు గుర్తించిరి. నేల సారవంతమనియు, భాష మధ్యదేశపు భాషకంటె భిన్నమనియు, లిపి మాత్రము ఇంచుమించుగా అదియే యనియు గమనించెను. దిఙ్నాగుడు తర్కగ్రంథము రచించిన కొండను గూర్చియు ప్రస్తావించెను. అటుపై ధాన్యకటకము, అది అమరావతి ప్రాంతమని కొందరు, విజయవాడయని కొందరు. పూర్వశైల, అపరశైల సంఘారామములు నూరేండ్లుగా భిక్షువులు లేక పాడువడియుండెను. ఐనను చదువు ఆరిపోలేదు. సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులయొద్ద ఆయన కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మము చదివెను. వారు ఆయనయొద్ద మహాయానశాస్త్రములు చదివిరి. వేలకోసుల దూరమునుండి వచ్చినవాడు కృష్ణాతీరమున మనవారికి శిష్యుడును, గురువును అయ్యెను. ఈ సంగతి మన పిల్లలకు హర్షుని దానములకంటె ముందుగా చెప్పదగినదని నా తలంపు.

643లో ప్రయాగ దానోత్సవము ముగిసెను. హర్షుడు సెలవిచ్చుచు, ఏ దారిన పోవుదువని అడిగెను. దక్షిణసముద్రపు దారిన పోదువేని దూతలను తోడు పంపుదునని చెప్పెను. అది తేలిక దారి. మంచుకనుమలు లేవు, ఎడారి లేదు. నలుబది దాటిన వయస్సు, వందలకొలది తాళపత్రగ్రంథముల మోపులు. ఎవరైనను ఓడయే ఎక్కుదురు. హ్యూయన్‌త్సాంగ్ ఉత్తరపుదారినే పోవుదుననెను. గావోచాంగ్ రాజు తనకు చేసిన సహాయమును చెప్పి, తిరిగివచ్చుచు అతనిని చూచెదనని మాట యిచ్చితినని విన్నవించెను. హర్షుడు ఏనుగును, బంగారువెండి నాణెములను ఇచ్చి సాగనంపెను.

ఆ మాటకు మూల్యము త్వరలోనే చెల్లింపవలసి వచ్చెను. సింధునది దాటునపుడు ఆయన ఏనుగుపై దాటెను. గ్రంథములు పడవలో వచ్చుచుండెను. నడుమ గాలి లేచి పడవ ఊగిపోగా 50 తాళపత్రప్రతులు, భారతదేశపు పూలవిత్తనములు నీటిపాలయ్యెను. పామీరు కనుమలలో దొంగలు పైబడగా ఏనుగు బెదరి నీటబడి చనిపోయెను. అట్లు కాష్గర్ మీదుగా ఖోతాను చేరెను. పట్టుపురుగుల గ్రుడ్లను శిరోవేష్టనములో దాచితెచ్చిన రాజకన్య కథ ఆయన విన్నది ఆ నగరముననే.

ఆయన నడచివచ్చుచున్నంతలో గావోచాంగ్ రాజ్యము లేకపోయెను. దాని పతనమునకు మూలము కూడ వర్తకదారియే. బిడారులన్నియు తన నగరము మీదుగనే పోవలెనని చూ వెన్‌తాయ్ కోరిక. సుంకములతో అతని బొక్కసము నిండును. 632లో కరాషహర్ రాజు చీనా చక్రవర్తికి విన్నవించి పాతకాలపు ఎడారిదారిని మరల తెరిపించెను. వెన్‌తాయ్ కోపించి కరాషహరుపై దాడిచేసెను. చీనాకు పోవు దూతలను అడ్డగించెను. పడమటి తుర్కులతో చేయి కలిపెను. 640లో తాంగ్ సేన ఎడారి దాటి వచ్చెను. ఎడారి తనకు కోటయని నమ్మిన ఆ రాజు ఆ వార్తతోనే జబ్బుపడి మరణించెను. కుమారుడు లొంగిపోయెను. రాజ్యము చీనాలో ఒక జిల్లా అయ్యెను. ప్రయాగలో హర్షుని యెదుట హ్యూయన్‌త్సాంగ్ ఆ మాట చెప్పునప్పటికి, మాట తీసికొన్నవాడు పోయి మూడేండ్లు గడచినవి.

ఖోతానునుండి ఆయన చక్రవర్తికి విన్నపము వ్రాసెను. ఆజ్ఞ లేక పోయిన అపరాధమును ఒప్పుకొని, తెచ్చుచున్న గ్రంథములను పేర్కొని, రాక కనుమతి కోరెను. ఆ లేఖను బిడారువెంట మోసికొనిపోయినవాడు గావోచాంగ్ యువకుడు! ఏడెనిమిది నెలలకు ఆదరముతో ప్రత్యుత్తరము వచ్చెను. ఆయన ఉత్తరమునకు, తుర్ఫాను వైపునకు తిరుగలేదు. దక్షిణపు టెడారి అంచున నీయా మీదుగా దున్‌హువాంగ్ చేరి, 645 ఆరంభమున చాంగాను ప్రవేశించెను. చాటుగా వెడలిన నగరమున ఎదురు చూచువారి త్రొక్కిసలాటలో దారి దొరకలేదట. 657 గ్రంథములు, ఏడు బుద్ధప్రతిమలు, ధాతువులు ఇరువది గుఱ్ఱములపై వచ్చెను.

చక్రవర్తి తాయ్‌జోంగ్ లోయాంగులో దర్శనమిచ్చెను. చెప్పక ఏల పోతివని అడిగెను గాని కోపము లేదు. మంత్రిపదవి ఇవ్వజూపెను, భిక్షువు వలదనెను. చూచిన దేశములను గూర్చి గ్రంథము వ్రాయుమనగా అంగీకరించెను. అదియే 646లో పూర్తియైన పడమటి దేశముల వృత్తాంతము. అందు 138 రాజ్యముల వర్ణనము గలదు. మనము చదువుకొన్న హర్షుడు, పులకేశి, వేంగి, ధాన్యకటకము అన్నియు అందలివే. చిత్రమేమనగా, ఆ గ్రంథము కరాషహరుతో మొదలగును. గావోచాంగు పేరు, అది పూర్వపు గావోచాంగు నేలయని దాటిపోవుచు చెప్పుటతో సరి. అది అప్పటికి పరదేశము కాదు. చక్రవర్తి గెలిచిన జిల్లా. చక్రవర్తి యాజ్ఞపై వ్రాయు గ్రంథమున, చక్రవర్తి శత్రువు తనకు సోదరుడని వ్రాయుట కుదరదు. వీపును మెట్టుగా చేసిన రాజు, ఇరువదియేండ్ల దారిబత్తెము, 24 లేఖలు - వీని ప్రసక్తియే లేదు. దీనిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. గ్రంథములు అనువదింపవలెనన్న ప్రభువు అండ కావలెను. ఆ అండకై అంత దూరము మోసికొనివచ్చిన మాటలలో కొన్నింటిని మ్రింగవలసి వచ్చెను.

తరువాతి పందొమ్మిదియేండ్లు అనువాదమే జీవితము. 75 గ్రంథములు, 1,335 భాగములు చీనాభాషలోనికి వచ్చెను. గ్రంథములను భద్రపరచుటకు 652లో ఇటుకల స్తూపము కట్టించుచు, వయసు మరచి తానును ఇటుకలు మోసెను. మార్పులతో అది నేటికిని సియానులో నిలిచియున్నది. నలందతో ఉత్తరప్రత్యుత్తరములు విడువలేదు. శీలభద్రుని మరణవార్త తెలిసి దుఃఖించుచు 654లో వ్రాసిన జాబులో, సింధునదిలో పోయిన గ్రంథముల జాబితా చేర్చి, వీలైనచో ప్రతులు పంపుడని కోరెను. పదేండ్లు దాటినను ఆయన ఆ మోపును మరువలేదు. 600 భాగముల మహాప్రజ్ఞాపారమితను 663లో ముగించి, 664లో కన్నుమూసెను. ఆయన ధాతుశకలమొకటి 1957లో చీనానుండి మనదేశమునకు, నలందకు, చేరినది.

గావోచాంగు కథ మనకెట్లు తెలిసెనని అడుగవచ్చును. ఆయనతో కూడ అనువాదపు పనిలో నుండిన హ్యూలీ అను భిక్షువు ఆయన జీవితమును అయిదు భాగములుగా వ్రాసి, లోకమునకు చూపక భూమిలో దాచెను. మరణకాలమున శిష్యులచే దానిని త్రవ్వించెను. 688లో యాన్‌త్సుంగ్ అను మరొక భిక్షువు దానిని పూరించెను. నడిరేయి కాగడాలు, మూడుదినముల ఉపవాసము, తల్లి యెదుట ప్రమాణము, నగరద్వారమున రాజు ఏడ్చుట, గుఱ్ఱములకు కట్టిన పట్టుతానుల లెక్క - అన్నియు అందు పూసగ్రుచ్చినట్లున్నవి. హ్యూలీ గావోచాంగు చూచినవాడు కాడు. గురువు ఆ ముచ్చట చెప్పగా విని వ్రాసినదే.